పచ్చగా నిలిచిన మడి

ఆ ఏడు గోధుమ చేను మోకాలెత్తు దాటలేదు. పొలం పంచుకున్నాక తమ్ముడు తన వాటాలో రేకుల షెడ్డు వేసి, ఏళ్ళ తరబడి పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగిస్తున్నాడు. దాని పక్కనున్న అన్న మళ్ళన్నీ పాలిపోయాయి. అన్న భార్య ఒక మొక్క పీకి చూసింది. వేళ్ళు పొట్టిగా, మాడినట్టున్నాయి. పిల్లవేరన్నది లేదు.

"ఎరువు చాల్లేదేమోలే," అన్నాడు భర్త. తమ్ముడి మీద ఈగ వాలనివ్వడు.

చివరి మడి ఒక్కటే పచ్చగా, కంకుల బరువుకు వంగి ఉంది. ఏటా ఇంటి తిండికి అదే.

మట్టి పరీక్షలు చేసే అమ్మాయి నమూనాలు పట్టుకెళ్ళి, తిరిగొచ్చి గట్టు మీదే చెప్పింది.

"షెడ్డు నీళ్ళు కాలవలో కలుస్తున్నాయి. సీసం, కాడ్మియం. వేళ్ళని ఎదగనివ్వవు."

"పోనీ, ఆ మడైనా దక్కింది."

"నా భయమంతా దాని గురించే అక్కా. కాడ్మియం అక్కడా ఉంది. మొక్క బాగానే ఉంటుంది, గింజలోకి ఎక్కేస్తుంది. తినకండి, గొడ్లకీ వెయ్యకండి. చాలా ఏళ్ళు తింటే కిడ్నీలకి దెబ్బ."

మామగారి కిడ్నీలు పాడయ్యాయంటే వయసు మీద పడిందనుకున్నారంతా.

షెడ్డుకు నడుస్తుంటే ఆమెకు ఇంకోటి తట్టింది. ఏడాదిగా తోడికోడలు తాము పంపే గోధుమ బస్తా వద్దంటోంది. గొప్పకు పోతోందని తను మూతి ముడుచుకుంది కూడా.

మరిది మొహానికి గుడ్డ కట్టుకుని కొలిమి దగ్గరున్నాడు. ఆమె చేతి ముద్ద తిని పెరిగినవాడు.

"మన గోధుమలు ఎందుకు మానేశార్రా?"

"పాపకి పడట్లేదు వదినా."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

అతను కొలిమినే చూశాడు. "అనుమానం వచ్చింది."

"మీ నాన్న తింటున్నాడు కదరా! ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా?"

ఆ మడిని మొగుడూ పెళ్ళాలే కోసి, పాతిపెట్టడానికి అధికారులు పంపిన బండికెత్తారు. మరిది కొడవలి పట్టుకుని వచ్చాడు.

"నేనూ కోస్తా అన్నయ్యా."

"ముందు షెడ్డు ఆపు," అన్నాడు భర్త, తలెత్తకుండా.

అతను ఆపలేదు. ఫిర్యాదు వదినే పెట్టింది, తలుపుకు సీలు పడింది. నేల మాత్రం బాగుపడలేదు. తర్వాత చల్లిన జొన్న మొలకల్లోనే ఎర్రబడి చచ్చింది.

మామగారికి ఎవరూ ఏమీ చెప్పలేదు. కంచం పక్కకు నెట్టి రోజూ అదే గొడవ.

"కొట్టు పిండికి రుచేదమ్మా? మన చేనిది పెట్టు."

"అయిపోయింది మామయ్యా," అని, ఆమె రొట్టె తుంచి ఇంకో ముద్ద కలిపి అందించేది.