ఐసు కరిగిన నీళ్ళు

మా బండి వెనక నలభై ఐసు దిమ్మలుంటాయి. ముందు ఇంజను మరుగుతూ ఉంటుంది. మూడు వారాలుగా ఇదే వరస. ఫ్యాక్టరీ గేటు దాటేటప్పుడు వేడిముల్లు సగానికి కిందే ఉంటుంది. ఎత్తు రోడ్డు మొదలయ్యేసరికి లేస్తుంది. పైకి చేరకముందే ఎర్రగీత తాకుతుంది, రేడియేటరు మూత పక్క నుంచి ఆవిరి చిమ్ముతుంది. ఇక బండి పక్కకి తీసి, ఇంజను ఆపి, అరగంట కూర్చోవాలి. ఆ అరగంటా వెనక ఐసు కరుగుతూ ఉంటుంది.

నా భార్య కూడా బండిలోనే వస్తుంది. దిమ్మలు దించడానికి కూలీని పెట్టుకునే స్తోమతు లేదు. ఒక కొక్కెం ఆమె పడుతుంది, ఒకటి నేను పడతాను. ఈ మధ్య ఆమెకి ఎడమ దవడ పన్ను పుచ్చింది. బుగ్గలో లవంగం పెట్టుకుని కొక్కెం లాగుతుంది. పన్ను పీకించడానికి దాచిన డబ్బు ఇంజనుకే పోయింది. ఆ సంగతి ఆమె ఎత్తదు. నేనూ ఎత్తను.

శనివారం మూడుసార్లు ఆగాం. చేపల బజారు చేరేసరికి ఎండ బుట్టల మీదికి వచ్చేసింది. అక్కడ చేపలమ్మే ఒకామెని అందరూ కత్తిపీట అంటారు. పనికీ నోటికీ కలిపి ఒకే పేరు. ఆమె ఒక దిమ్మ అంచు మీద చెయ్యి రాసి చూసింది. అంచులన్నీ అరిగిపోయి గుండ్రంగా ఉన్నాయి.

"ఇది ఐసా తమ్ముడూ, వాడేసిన సబ్బుబిళ్ళా?" అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నా భార్య కూడా నవ్వబోయి దవడ పట్టుకుంది.

మధ్యాహ్నం ఖాళీ బండితో ఫ్యాక్టరీకి వెళితే గుమాస్తా బయటికి వచ్చాడు. అరిచేవాడికైతే నేనూ ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఆయన అరవలేదు.

"నీ మీద నాకేం కోపం లేదయ్యా. సోమవారం కూడా ఐసు ఆలస్యమైతే మంగళవారం నుంచి వేరే బండి వస్తుంది. తర్వాత చెప్పలేదనుకోవద్దు."

పదకొండేళ్ళుగా ఆ లోడు మాదే. బండి కూడా దానికోసమే కట్టించింది. వెనక అడుగంతా రేకు పరిచి, మూల ఒక కన్నం పెట్టించాం, కరిగిన నీళ్ళు పోవడానికి. తడి ఆరని ఆ బండిలో బియ్యం వెయ్యరు, గుడ్డలు వెయ్యరు. ఐసు పోతే అది ఇనప సామానే.

పెద్దరోడ్డు గ్యారేజీవాడికి చూపించడం అప్పటికే అయింది. మొదట నీళ్ళ పంపు పోయిందన్నాడు. కొత్త పంపు వేశాం. పన్ను డబ్బు పోయింది దాంట్లోకే. రెండో రోజే మళ్ళీ మరిగింది. అయితే హెడ్డు గ్యాస్కెట్ అన్నాడు. ఇంజను విప్పాలి, నాలుగు రోజులు ఉంచాలి అన్నాడు. వాడు చెప్పిన మొత్తం మా ఇంటికి మూడు నెలల అద్దె. కొత్త రేడియేటరు వేసి చూస్తే ఎలా ఉంటుందని అడిగితే, అది ఇంకా ఎక్కువ చెప్పాడు. రోగం తెలియనివాడికి మందులన్నీ తెలుసు. నేను తాళం చెవి తీసుకుని వచ్చేశాను.

ఆదివారం పొద్దున చెవిటి మేస్త్రి దగ్గరికి వెళ్ళాం. ఆయన పాత బళ్ళ మేస్త్రి. ముప్పై ఏళ్ళు డీజిలు ఇంజన్ల పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. ఇంటి వెనక రేకుల కొట్టంలో ఇప్పుడు పెద్దగా పనేమీ లేదు. కొత్త బళ్ళవాళ్ళు ఆయన దగ్గరికి రారు. ఇంజను చప్పుడు వినలేని మేస్త్రి ఏం మేస్త్రి అని నవ్వుతారు. నేనూ అందుకే మొదట ఆయన దగ్గరికి వెళ్ళలేదు. ఆయనకది తెలుసనుకుంటాను. అడగలేదు.

నేను చేతులతో చూపిస్తూ చెప్పాను. ఖాళీగా మరగదు, లోడుతో ఎత్తెక్కితే మరుగుతుంది. ఆయన నా పెదాలు చూస్తూ విన్నాడు. బండిని రోడ్డు చివరిదాకా తోలి వేడెక్కించుకు రమ్మన్నాడు. తెచ్చాక ఇంజను ఆపించి, ముందు జాలీ ఊడదీసి, రేడియేటరు మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టి తీశాడు. పక్కన పెట్టాడు. తీశాడు. జ్వరం వచ్చిన పిల్లవాడి వీపు తడిమినట్టు ఆ చివర నుంచి ఈ చివరకి తడిమాడు.

"ఇంజను చప్పుడు అబద్ధం చెప్పినా నాకు వినపడదురా అల్లుడూ. నీ చెయ్యి ఇలా పెట్టు."

పెట్టాను. రెండు పక్కలా కాలిపోతోంది. నడుమ జానెడు మేర గోడ మీద చెయ్యి పెట్టినట్టు ఉంది. నీళ్ళు అటు పోవడం లేదు. ఇంత కాలుతున్న ఇంజను ముందు అంత చల్లటి చోటు ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

చల్లారాక కింది గొట్టం ఊడదీసి నీళ్ళు తొట్టెలోకి వదిలాడు. తుప్పు రంగులో వచ్చాయి. అడుగున బురదలాంటిది చేరింది. చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపాడు, వాసన చూశాడు, నా ముక్కు దగ్గర పెట్టాడు. తడిసిన కొయ్య వాసన.

"ఇది ఒట్టి తుప్పు కాదు" అన్నాడు. లేచి బండి వెనక్కి వెళ్ళి రేకు మీద వేలు రాశాడు. ఐసు కరగకుండా మేం దిమ్మల మీద రంపపు పొట్టు కప్పుతాం. కడిగినా మూలల్లో ఉండిపోతుంది. ఆయన ఆ వేలునీ ఈ వేలునీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు.

"రేడియేటర్లో ఏ నీళ్ళు పోస్తున్నార్రా?"

బండి వెనక కన్నం కింద కొక్కేనికి ఒక బకెట్టు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. ఆయన దాన్నే చూస్తున్నాడు.

నా భార్య ముందుకు వచ్చి ఆయనకి తన పెదాలు కనిపించేలా నిలబడింది.

"నేనే పోస్తున్నా బాబాయ్. ఏడాదైంది."

మా వీధిలో కుళాయి రోజు మార్చి రోజు వస్తుంది. తాగేవి కొనుక్కుంటాం. కళ్ళముందు బకెట్లకి బకెట్లు చల్లటి నీళ్ళు రోడ్డు పాలవుతుంటే ఆమెకి ప్రాణం ఒప్పలేదు. ఇంజనుకి పోస్తే చలవ కూడా చేస్తుందంది. పాత పంచె గుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టి పోసేది. నేను కాదనలేదు సరికదా, మా ఆవిడ బుర్ర చూడండని నలుగురిలో చెప్పుకున్నాను. మూడు వారాల కిందట బండి మరగడం మొదలయ్యాక అవే నీళ్ళు ఇంకా ఎక్కువ పోశాం.

మేస్త్రి తిట్టలేదు. తిడితే ఆమెకి తేలికయ్యేదేమో.

"గుడ్డకి ఆగేది ఆగింది. ఆగని దుమ్ము లోపల ఉడికి అట్ట కట్టింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు" అన్నాడు. తర్వాత నా జేబు వైపు చూశాడు, కళ్ళతోనే ఎంత ఉందని అడిగాడు. ఉన్నది చెప్పాను.

"దాంతో మాటు వెయ్యడానికి సీసం వస్తుంది. ఇత్తడి రేడియేటరు కాబట్టి బతికిపోయావు. విప్పేది నేను, అతికేది నేను. గొట్టాల్లో పుల్ల పెట్టేది నువ్వు. నీ కూలి నీకే."

రేడియేటరు దించి పాత గోనె మీద పడుకోబెట్టాం. ఆయన దీపం మంటతో మాటు కరిగించి పై డబ్బా, కింది డబ్బా ఊడదీశాడు. పెట్టె మూత తీసినట్టు వచ్చాయి. లోపల నలభై నాలుగు గొట్టాలు, వేలిగోరంత వెడల్పువి, వరసగా ఉన్నాయి. నా భార్య ఒక పక్క కూర్చుని, గొట్టాల చివరలు ఆకాశం వైపు పెట్టించి, లోపలికి చూస్తూ లెక్కపెట్టింది. పందొమ్మిదింటికే వెలుతురు ఉంది.

విరిగిన రంపపు బ్లేడుని పళ్ళు పోయేదాకా అరగదీసి నా చేతికిచ్చాడు మేస్త్రి. గొట్టం రేకు కాగితమంత పలచన, తొందరపడితే చిరుగుతుంది అన్నాడు. నేను ఒక్కో గొట్టంలో బ్లేడు దించుతున్నాను. రెండు వేళ్ళ మేర పోతుంది, ఆగుతుంది. తీసి, నీళ్ళు పోసి, మళ్ళీ దించాలి. గోధుమ రంగు ముద్ద కొంచెం కొంచెం బయటికి వస్తుంది. అవతల కన్ను పెట్టి ఆమె చెబుతుంది. "లేదు." మళ్ళీ. "లేదు." మళ్ళీ. "ఊఁ, వచ్చింది."

మధ్యాహ్నమంతా మా మధ్య ఆ రెండు మాటలే. నడుం ఎప్పుడు పట్టేసిందో తెలియదు. మధ్యలో ఒకసారి మాత్రం ఆమె కన్ను తియ్యకుండానే అంది.

"పంపు మార్చకముందే ఈయన దగ్గరికి వచ్చుంటే నా పన్ను పోయేది."

"నువ్వు పోసిన నీళ్ళేగా" అన్నాను.

"మీరు మురిసిపోయిన నీళ్ళేగా."

నేను బ్లేడు కడుక్కుని తర్వాతి గొట్టంలో పెట్టాను. ఆమె మళ్ళీ కన్ను పెట్టింది. "లేదు" అంది.

పొద్దు వాలేసరికి నలభై రెండు తెరుచుకున్నాయి. రెండు ఎంతకీ రాలేదు. మేస్త్రి బ్లేడు తీసేసుకున్నాడు.

"చాల్లే. రెండు పోతే పోయాయి. నా నోట్లో ఎన్ని ఉన్నాయనుకున్నావు? అన్నం తినడం లేదూ?" అన్నాడు. ఆ మాటకి నా భార్య దవడ పట్టుకునే నవ్వింది.

డబ్బాలు అతికి, రేడియేటరు బిగించి, కుళాయి నీళ్ళు నింపాడు. మూత పెట్టలేదు. ఇంజను వేసి లోపలికి చూస్తూ ఉండమన్నాడు. ఇన్నాళ్ళు మరిగింది కదా, హెడ్డుకి దెబ్బ తగిలి ఉంటే నీళ్ళలో బుడగలు ఆగకుండా వస్తాయట. అప్పుడు తన వల్ల కూడా కాదన్నాడు. మొదట నాలుగైదు బుడగలు వచ్చాయి. ముగ్గురం ఆ చిన్న కన్నంలోకే తలలు పెట్టి చూస్తున్నాం. ఇంకొకటి వచ్చింది. తర్వాత నీళ్ళు ఊరికే తిరుగుతూ ఉన్నాయి. పావుగంట చూశాం. మేస్త్రి రేడియేటరు నడుమ అరచెయ్యి పెట్టి చటుక్కున తీశాడు. ఊదుకున్నాడు. ఆయన మొహంలో అప్పుడు కొంచెం సంతోషం కనిపించింది.

సీసం డబ్బులు మాత్రమే తీసుకున్నాడు. మిగిలిన రెండు నోట్లు నా చేతిలో పెట్టబోయి, నా భార్య చేతిలో పెట్టాడు.

"రేపు ఎత్తులో చూసుకో. ఇక్కడ నిలబడి చెప్పేది వేరు" అన్నాడు.

సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి నలభై దిమ్మలు ఎక్కించి, పొట్టు కప్పి బయలుదేరాం. గుమాస్తా గేటు దగ్గర నిలబడి తన గడియారం చూసుకున్నాడు, నన్ను చూడలేదు. ఎత్తు మొదట్లో ముల్లు లేచింది. రెండో గేరులోకి దించాను. ఆమె ముల్లునే చూస్తోంది. నేను రోడ్డు చూస్తూ ఆమె మొహం చూస్తున్నాను. మేం ఎప్పుడూ ఆగే మైలురాయిని బండి దాటింది. సగానికి కొంచెం పైన ముల్లు నిలబడింది. కదిలింది. మళ్ళీ నిలబడింది. పైకి చేరాక దానంతట అదే దిగింది. అప్పుడు ఆమె ముల్లు మీంచి చూపు తీసి, బుగ్గలో లవంగం సర్దుకుంది.

బజారుకి వెలుతురు రాకముందే చేరాం. కత్తిపీట దిమ్మ అంచు మీద వేలు పెట్టి వెనక్కి లాక్కుంది.

"చెయ్యి కోసుకుపోయేలా ఉంది, ఇదేంటివాళ" అంది. అంతకు మించి ఆమె నోట మెప్పు రాదు.

ముప్పైతొమ్మిది దిమ్మలు దించాక నా భార్య కొక్కెం కింద పెట్టి బండి అంచు మీద కూలబడింది. కన్నంలోంచి నీళ్ళు సన్నగా పడుతున్నాయి. కింద బకెట్టు లేదు. ఆదివారమే దాన్ని విప్పి మేస్త్రి కొట్టంలో వదిలేసి వచ్చాం. ఆమె ఆ నీళ్ళ కేసి కాసేపు చూసింది. అలవాటు కొద్దీ చెయ్యి చాపింది. మళ్ళీ ముడుచుకుంది.

నేను చివరి దిమ్మ మీద కొక్కెంతో ఒక్కటి కొట్టి, ఊడిన పెచ్చు పొట్టు దులిపి, నా పైపంచెలో చుట్టి ఇచ్చాను. ఆమె దాన్ని దవడకి ఆనించుకుని కళ్ళు మూసుకుంది.

"రెండు నోట్లకి పళ్ళ డాక్టరు పన్ను పీకుతాడంటారా?" అంది కళ్ళు తెరవకుండానే.

"అడుగుదాం" అన్నాను.

చివరి దిమ్మ నేనొక్కణ్ణే దించాను.