ఐదో పేజీలో కోతి

1989 ఫిబ్రవరి 19, ఆదివారం. ఆ రోజు శ్యాంసుందర్ కోదాడలో కారప్పూస, రవ్వలడ్డు తిన్నాడు. లడ్డు ఎంత గట్టిదంటే, కొరికితే చప్పుడు అందరికీ వినపడుతుందని బుగ్గన పెట్టుకుని నానబెట్టాడు. పెళ్లిచూపులకు వచ్చిన పిల్లవాడు బుగ్గ ఉబ్బించుకుని కూర్చుంటే, పంటి నొప్పేమోనని ఆడపెళ్లివారు గుసగుసలాడుకున్నారు.

పిల్లకు మాట తిన్నగా వస్తుందా, చదువు నిజమేనా అని తెలుసుకోవడానికి అప్పట్లో పేపరు ఇచ్చి చదివించేవారు. శ్యాంసుందర్ తల్లి సత్తమ్మ కూడా అదే చేసింది. నవనీత నాలుగు వార్తలు గడగడా చదివి, పేపరు మడిచి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. అప్పుడు ఆమె నాయనమ్మ వెంకటనర్సమ్మ ఊరుకోలేదు.

"మా పిల్ల చదివిందమ్మా. మరి మీ పిలగాడు డిగ్రీ అంటిరి. ఏదీ, ఆయన్నీ చదవమనండి, విందాం."

అతను చదివాడు. చదువుతుండగా లోపలి గదిలోంచి నవ్వు వినిపించింది. ఆపుకుందామనుకుని, ఆగక, ఒక్కసారిగా పొర్లిన నవ్వు. సాయంత్రానికల్లా పిల్ల ఒప్పుకుందని కబురు వచ్చింది.

తర్వాత మిర్యాలగూడలో కాపురం, ఉద్యోగం, రిటైరయ్యాక సూర్యాపేట. ముప్పై ఏళ్లు దాటిన ఆ కాపురంలో అతను ఎన్నిసార్లు అడిగాడో, "ఆ రోజు ఏ వార్తకు నవ్వినవే?" అని. "చెప్తే మళ్ల అడగవు గద," అనేది నవనీత. చెప్పకుండానే పోయింది.

ఆమె పోయి రెండేళ్లు. ఈ మధ్య అతనికి ఒక భయం పట్టుకుంది. మనిషి కళ్లకు కడుతోంది, నడక గుర్తుంది, కోపం మరీ బాగా గుర్తుంది. నవ్వు మాత్రం చెవికి అందడం లేదు. స్టేషన్ తప్పిన రేడియోలా ఎక్కడో గరగరమని జారిపోతోంది. ఆ వార్త ఏదో తెలిస్తే నవ్వు కూడా దొరుకుతుందని అతని ఆశ.

అలాంటి రోజుల్లోనే కోదాడ నుంచి మరదలు సౌందర్య ఫోన్ చేసింది.

"బావా, మా నాయనమ్మ సందూకు ఖాళీ చేస్తున్నా. అడుగున పేపరు పరిచి ఉంది. తేదీ చూస్తే మీ పెళ్లిచూపుల రోజుది. పారేయమంటారా?"

"ఆగాగు, చెయ్యి పెట్టకు. వస్తున్న."

బస్సులో ఎవరో కుర్రవాడు అడగకుండానే కిటికీ సీటు ఇచ్చాడు. మునగాల దాటాక ఎండ మెత్తబడింది. వరి పొలాల మీద గాలి చేత్తో దుప్పటి సవరించినట్టు పోతోంది. శ్యాంసుందర్ సగం నిద్రలో, సగం పెళ్లిచూపుల్లో కోదాడ చేరాడు.

సందూకు అడుగున ఉన్నది ఒక్క పెద్ద కాగితమే. టీ రంగుకు తిరిగింది. కలరా ఉండల వాసన. సౌందర్య దాన్ని అప్పడంలా రెండు చేతులా ఎత్తి మంచం మీద పరిచింది. ఆమె భర్త సుధీర్ లైటు వేశాడు.

"ఆ రోజు నువ్వు మీ అక్క పక్కనే ఉన్నవ్ గద. నేను సదువుత. ఏది ఇంటే యాదికొస్తదో చెప్పు," అన్నాడు శ్యాంసుందర్.

"పన్నెండేళ్ల దాన్ని బావా. నా ధ్యాసంతా మీరు తినకుండా వదిలేసే కారప్పూస మీదే."

అతను కళ్లజోడు సవరించుకుని జిల్లా వార్తల పేజీ అందుకున్నాడు.

"దోమల నివారణ సభ, దోమల వల్ల వాయిదా."

"ఊహూఁ," అంది సౌందర్య.

"మునగాల దగ్గర లారీ బోల్తా. ఊరంతా ఉల్లిగడ్డ కూర."

సుధీర్ పకపకా నవ్వాడు. "నువ్వు నవ్వితే ఏం లాభమయ్యా," అన్నాడు శ్యాంసుందర్.

"సూర్యాపేటలో మళ్లీ నడిచిన వీధి గడియారం. ప్రజల్లో అయోమయం."

"బాగుంది కానీ, ఇది కాదు."

"చివ్వెంలలో బర్రె ఎవరిదని పంచాయితీ. తీర్పు చెప్పేలోగా ఇంటికి వెళ్లిపోయిన బర్రె."

సౌందర్య కళ్లు మూసుకుని ఆలోచించింది. తల అడ్డంగా ఊపింది. ఇక ఒక్కటే మిగిలింది. శ్యాంసుందర్ గొంతు కొంచెం తగ్గింది.

"మిర్యాలగూడలో బస్సెక్కిన కోతి. దిగనంటే దిగనని మొండికేసిన వైనం. డ్రైవర్ హారన్ కొట్టగా కోతి కూడా పళ్లు చూపించెను. కండక్టర్ అరటిపండుతో బతిమాలుచుండగా ఆ కోతి... మిగతా ఐదో పేజీలో."

అంటూనే అతని చేయి కాగితం తిప్పింది. అటు ఒకటో పేజీ. మళ్లీ తిప్పాడు. ఇటు రెండో పేజీ. సందూకులోకి వంగి మూలమూలా తడిమాడు.

"ఐదో పేజీ ఏది? గిట్ల నడిమిట్ల ఇడిస్తే ఎట్ల? కోతి దిగిందా లేదా?"

సౌందర్య నవ్వింది. ఆపుకుందామనుకుని, ఆగక, ఒక్కసారిగా.

సందూకులో తల పెట్టిన శ్యాంసుందర్ అలాగే ఆగిపోయాడు. కదిలితే ఆ చప్పుడు చెదిరిపోతుందేమోనని ఊపిరి కూడా తీయలేదు. అక్కాచెల్లెళ్ల గొంతు ఒకటేనని ఇన్నేళ్లు అతను గమనించనే లేదు.

"ఇదే బావా! అప్పుడూ ఇంతే. మా నాయనమ్మ 'చాలు బాబూ, చాలు' అంటూనే ఉంది. మీరు 'మిగతా ఐదో పేజీలో' అని పైకే చదివి, పేజీ తిప్పి, అది కూడా చివరిదాకా చదివేశారు. పెద్దవాళ్లందరూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. అక్క నా భుజం కొరికి మరీ నవ్వింది."

"అంటే వార్తకు కాదా?"

"మీకు! ఆ రాత్రి నాతో ఏమన్నదో తెలుసా? 'ఈయన దేన్నీ సగంలో ఇడిసిపెట్టే మనిషి కాదే, నన్నూ ఇడిసిపెట్టడు' అంది. ఇప్పటిదాకా గుర్తు రాలేదు, చూడండి."

శ్యాంసుందర్ మంచం మీద కూర్చున్నాడు. దవాఖానలో ఆఖరి నెలంతా ఆమె చేయి పట్టుకుని కూర్చోవడం గుర్తొచ్చింది. ఆ మాట అప్పుడు తెలిసినా అంతకంటే ఎక్కువ చేయగలిగేవాడు కాదు. అది తలుచుకుంటే గుండె తేలికైంది.

"అయితే కోతి సంగతేంది అన్నా? మీరు సదివిన్రు గద," అన్నాడు సుధీర్.

"మర్చిపోయిన," అన్నాడు శ్యాంసుందర్, కళ్లు తుడుచుకుని నవ్వుతూ.

రాత్రికి అక్కడే ఉండిపొమ్మన్నారు. పప్పుచారు, వడియాలతో తిని, ముందుగదిలో నడుం వాల్చాడు. నిద్రకు ఇవతల, బస్సొకటి పొలాల మీదుగా చప్పుడు లేకుండా పోతోంది. ముందు సీట్లో నవనీత ఎవరితోనో మాట్లాడుతూ నవ్వుతోంది. ఆ నవ్వు ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది.

"పడుకున్నారా బావా?" అని మెల్లగా అడిగింది సౌందర్య. ఆమె ఫ్యాను కొంచెం తగ్గించి, బయటికి నడిచి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.