నాన్న వీపు

యుద్ధంలో తూటాలు కురుస్తున్న వంతెన మీద అందరికన్నా ముందు పరిగెత్తిన కెప్టెన్ మా నాన్న. అవతలి ఒడ్డు చేజిక్కేదాకా ఆగలేదు. ఆయన పోయిన ఇన్నేళ్ళకి టౌన్‌హాల్లో ఆయన బొమ్మ పెడతామనీ, గీసిమ్మనీ హాలు కమిటీవాళ్ళు నన్నడిగారు. సైన్‌బోర్డులు రాసుకు బతికేవాణ్ణి, పొంగిపోయాను.

సగం గీశాక కమిటీ సెక్రటరీ నా కొట్టుకి వచ్చాడు. వాళ్ళ నాన్న ఆ రోజు మా నాన్న వెనక పరిగెత్తిన సిపాయి.

"అన్నా, మొహం మరీ నల్లగా ఉందే! కాస్త తెలుపు కలపరాదూ?"

"ఆయన రంగే అది."

"నాకు తెలీదా? చూసేవాళ్ళకి మనవాడే అనిపించాలి కదా!"

పరాయి దేశం నుంచి ఓడ మీద వచ్చిన మా తాత ఈ ఊరి రోడ్లు వేశాడు. ఇక్కడే పుట్టిన మా నాన్న ఈ దేశం కోసం ఆ ఒడ్డున కాలు పోగొట్టుకున్నాడు. ఇంకా మనవాడు అనిపించాలట! ఒళ్ళు మండిపోయింది.

"సరే, వారం పోయాక రా," అన్నాను.

వచ్చాడు. కొత్తగా గీసిన బొమ్మలో వంతెన, పొగ, పరిగెత్తుతున్న నాన్న వీపు ఉన్నాయి.

"మొహం ఏదీ, అన్నా?"

"మీ నాన్న ఆ రోజు చూసింది ఈ వీపునే. దీని చాటునే బతికొచ్చాడు. అప్పుడు రంగు అడిగాడా? అడుగుతూ కూర్చునుంటే నువ్వు పుట్టేవాడివే కాదు."

"ఇది హాల్లో పెట్టం," అని విసురుగా వెళ్ళిపోయాడు.

పెట్టకపోతే పీడా పోయింది. టౌన్‌హాల్‌కి ఎదురుగానే నా కొట్టు. బొమ్మని పైన గోడకెక్కించాను. హాలు మెట్లు దిగిన ప్రతివాడికీ ఇప్పుడు మా నాన్న వీపే కనిపిస్తుంది.