గంగన్న పోయిన పేజీ

నేను ఒక లావుపాటి రూళ్ళ పుస్తకాన్ని. నల్ల అట్ట, ఎర్రగుడ్డ వీపు. వెదురు గుజ్జులో పుట్టి, ఒక బైండింగు షాపులో సూదిపోట్లు తిని, కాకినాడలో ఇంతియాజ్ జిరాక్సు షాపుకి చేరాను. ఏ కాలేజీకో హాజరుపట్టీనై బతకవలసినదాన్ని. ఇంతియాజ్ నన్ను తీసుకెళ్ళి, ఒకప్పుడు తనకి జువాలజీ చెప్పిన వకుళ మేడమ్ చేతిలో పెట్టాడు.

"మేడమ్, కథ పెద్దదయ్యేలా ఉంది. చిన్న పుస్తకాలు చాలవు."

కథంటే వాళ్ళ ఆట. ప్రతి ఆదివారం భోజనాలయ్యాక వకుళ ఇంట్లో ముగ్గురు కూర్చునేవారు: వకుళ, ఇంతియాజ్, స్టాఫ్‌రూములో పదిహేనేళ్ళు వకుళ పక్క కుర్చీలో కూర్చున్న దమయంతి. ఆ ఆటకి బోర్డు లేదు, గెలుపూ లేదు. వకుళ కథ చెబుతుంది. "మీ ముందు ఏరు పొంగుతోంది. ఏం చేస్తారు?" అంటుంది. తక్కిన ఇద్దరూ తలో పాత్రా అయిపోయి జవాబిస్తారు. ఇరవై ముఖాల పాచిక ఎలా పడితే కథ అలా తిరుగుతుంది. జరిగినదంతా వకుళ నాలో రాసుకుంటుంది.

మనుషులు చిత్రమైనవాళ్ళు. సొంత కష్టానికి కళ్ళు తుడుచుకుని తిరిగేవాళ్ళు, లేని ఏటిలో మునిగిన లేని మనిషి కోసం వెక్కివెక్కి ఏడుస్తారు. ఆ మనిషి పేరు గంగన్న. వకుళ పుట్టించిన ముసలి పడవవాడు. ఆట మొదలైన మూడో ఏట, కథలో వచ్చిన వరదలో, ఇంతియాజ్ పాత్రని ఒడ్డుకి తోసి తాను కొట్టుకుపోయాడు. ఇంతియాజ్ లేచి పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కొచ్చాడు. వకుళ నాలో ఇలా రాసింది: "గంగన్న పోయాడు. తిరిగి తేకూడదు."

ఆరో ఏట ఆమె పేర్లు తడుముకోవడం మొదలుపెట్టింది. ముందు కథలో పేర్లు, తర్వాత క్లాసులో పిల్లల పేర్లు. యాభై నాలుగేళ్ళకే మతిమరుపు జబ్బన్నారు డాక్టర్లు. ఉద్యోగం మానేసింది. "ఆట మాత్రం మాననివ్వకండి," అంది.

అప్పుడు ఇంతియాజ్ నా పేజీలన్నీ ఫొటోలు తీసి ఏఐకి అప్పగించాడు. నాకు ఈర్ష్య పుట్టిందని ఒప్పుకోవాలి. నాలో ఆరేళ్ళుగా చిందరవందరగా పడున్నదాన్ని అది ఒక్క పూటలో సర్దేసింది. ఎవరికి ఎవరేమవుతారు, ఏ ఊరు ఏ ఒడ్డున ఉంది, ఏ చిక్కుముడి ఇంకా విడలేదు, అన్నీ. వకుళ రాతలో కొన్ని మాటలు తప్పు చదివింది గానీ, ఆ తప్పులు దమయంతి కూడా చదువుతుంది. ప్రతి ఆదివారం పొద్దున్న దాని దగ్గర్నుంచి ఒక కాగితం అచ్చయి వచ్చేది. అది చదువుకుని వకుళ మధ్యాహ్నానికల్లా మళ్ళీ వకుళ అయ్యేది. అలా ఎనిమిది నెలలు నడిచింది.

ఒక ఆదివారం ఆమె మామూలుగానే కథ మొదలుపెట్టింది. "రేవులో పడవ ఉంది. పడవలో గంగన్న చుట్ట కాలుస్తున్నాడు."

దమయంతి చేతిలో పాచిక అలాగే ఉండిపోయింది. ఇంతియాజే అందుకున్నాడు. "గంగన్నా, బాగున్నావా?"

"ఏం బాగులే నాయనా, మోకాళ్ళు పట్టేస్తున్నాయి," అంది వకుళ, గంగన్న గొంతుతో. ఆమె మొహం వెలిగిపోయింది.

ఆ సాయంత్రం ఆట వివరాలు ఎక్కిస్తుంటే ఏఐ అడిగింది: గంగన్న మూడో ఏట మరణించినట్టు ఉంది, సరిచేయమంటారా?

'గంగన్న చనిపోలేదు. అలాగే రాయి,' అని టైపు కొట్టాడు ఇంతియాజ్.

"తప్పురా," అంది దమయంతి.

"ఆవిడ మొహం చూశారు కదక్కా."

యంత్రం అతను చెప్పినట్టే చేసింది. కాగితాల మీద గంగన్న బతికాడు. నా నూట నలభై రెండో పేజీలో మాత్రం చచ్చిపోయే ఉన్నాడు. నన్ను సరిచేయాలని ఎవరికీ తోచలేదు.

నెల తిరక్కుండా ఒక పొద్దున్న వకుళకి మనసు తేటగా ఉంది. ఎందుకో నన్ను తీసి చదువుకుంటూ కూర్చుంది. ఆ పేజీ దగ్గర ఆగి, అచ్చు కాగితం పక్కన పెట్టుకుని, వేలు పెట్టి రెండూ చదివింది. మధ్యాహ్నం వాళ్ళు వచ్చేదాకా నన్ను ఒళ్ళోంచి దించలేదు.

"ఇది నా రాతే కదా?" అంది.

ఇంతియాజ్ తల వంచుకున్నాడు. "మిమ్మల్ని బాధపెట్టడం ఇష్టంలేక, మేడమ్..."

"నేను మర్చిపోతానని నాకు తెలుసు. మర్చిపోతే చెప్పడానికి ఇద్దరున్నారు కదా అనుకున్నాను." ఆమె కోపంగా అనలేదు. అందుకే ఇద్దరూ తట్టుకోలేకపోయారు. దమయంతి దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుంది. యంత్రం ఏమడిగిందో, తామేం చెప్పామో దాచకుండా చెప్పేసింది.

"అది నయం. అడిగింది," అంది వకుళ. "సరిచేయమను. నాకు చెప్పడం చేతకాని రోజు వస్తే నువ్వు చెప్పు దమయంతీ. జరిగింది జరిగినట్టు చెప్పు."

ఆ రోజు వర్షాకాలం దాటకముందే వచ్చింది. నన్ను దమయంతి అందుకుంది. నన్నూ, ఏఐ కాగితాన్నీ ముందు పెట్టుకుని తడబడుతూ కథ నడిపేది. వకుళ ఆడేవాళ్ళ కుర్చీలోకి మారింది. పాచిక ఇస్తే వేసేది, ఎంత పడినా సంతోషపడేది. ఇంతియాజ్‌ని "బాబూ" అని పిలిచేది.

ఒక ఆదివారం దమయంతి మాటల్లో గంగన్న పేరు దొర్లింది.

"అతనెవరు?" అంది వకుళ.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దమయంతి నన్ను తెరిచి ఆ పేజీ మొదట్నుంచీ చదివింది. వరద, పడవ, ఒడ్డుకి తోసిన చేతులు, అన్నీ. ఏదీ తగ్గించలేదు. వకుళ కళ్ళవెంట నీళ్ళు ధారగా కారాయి. పమిటతో తుడుచుకుంటూ, "ఎవరు రాశారమ్మా ఇది?" అని అడిగింది.

"మా స్నేహితురాలు," అంది దమయంతి.

"ఎంత బాగా రాసిందో. ఆవిణ్ణి కూడా పిలవకపోయారా?"

ఇంతియాజ్ లేచి పెరట్లోకి వెళ్ళలేదు. అక్కడే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఆట ఆగిపోయింది. ఇప్పుడు నేను దమయంతి బీరువాలో ఉన్నాను. ఏఐ దగ్గర కథ అంతా భద్రంగా ఉందట, కావాలంటే మిగతాది అది నడిపిస్తుందట. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నాలో చివరి పదకొండు పేజీలు తెల్లగానే ఉన్నాయి.