మండితే పనిచేస్తున్నట్టే

నేను ఒక గాజు సీసాను. అందులోనూ పాలగాజు సీసాను. లోపల ఏముందో బయటికి కనబడనివ్వను. ఈ గుణం కోసం మనుషులు జీవితమంతా కష్టపడతారు, నాకు పుట్టుకతోనే వచ్చింది. పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, ఒక కొలిమి నోట్లో. ఇసుకా సోడా కలిపి కరిగించి, ఎర్రటి ముద్దను అచ్చులో వేసి, గాలి ఊది బయటికి లాగారు. అంత మంటలో పుట్టినదాన్ని కాబట్టి ఎవరికైనా ఏదైనా మండిందంటే నాకు పెద్దగా జాలి కలగదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. జాలి కథ కావలసినవాళ్లు వేరే సీసాను అడగండి.

నాలో చలికాలపు క్రీము నింపి, నీలం మూత బిగించి, పొట్ట మీద మంచుపువ్వు బొమ్మ అంటించారు. ఆ తర్వాత నన్నూ నాలాంటి ఇంకో సీసానూ కలిపి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, పైన ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అని రాశారు. ఆ ఉచితాన్ని నేనేనని నా అనుమానం. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే జాతి మనది. ఆదిలాబాదు అంగట్లో మేమిద్దరం దిగిన రోజు సాయంత్రానికే అమ్ముడుపోయాం.

కొన్నవాడి పేరు నరేందర్. పత్తి మిల్లులో కాంటా దగ్గర పని. ఒక సీసా పెళ్లానికి, ఒకటి చెల్లెలికి అనుకుని కొన్నాడు. మంచివాడే. ఇంట్లో ఏం జరుగుతుందో తెలియనివాళ్లందరూ మంచివాళ్లే. ఇంటికి తేగానే చెల్లెలు రవళి రెండు సీసాలూ తీసుకుని తన కిటికీ గూట్లో పెట్టుకుంది. పెళ్లాం సువర్ణ చెయ్యి చాపి, ఆ చేతిని కొంగుకు తుడుచుకుంది. తల్లీ తండ్రీ లేని పిల్ల కదా అని నరేందర్ చెల్లెల్ని గారంగా పెంచాడు. ఆ ఇంట్లో వాళ్లు ముగ్గురూ కాక మూల మంచం మీద నాయనమ్మ రాజవ్వ ఉండేది. ఆమెకు కళ్లు సరిగ్గా కనబడవు. ఆకూ వక్కా సున్నం ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

ఆదిలాబాదు చలి సంగతి మీరు వినే ఉంటారు. కొబ్బరినూనె సీసాలోనే గడ్డకడుతుంది, మనుషులు పొలాల్లాగా బీటలు వారతారు. రవళి చెంపలు ప్రతి చలికాలం పొట్టు రాలేవి. మామూలు ఏడాదైతే ఎవరికీ పట్టేది కాదు. కానీ ఆ ఏడాది ఆ పిల్ల విమానాల్లో కొలువు కోసం ఒక సంస్థలో శిక్షణ తీసుకుంటోంది. డిసెంబరు చివర్లో హైదరాబాదులో ఇంటర్వ్యూ. మొహం మీద మచ్చా పొక్కూ ఉండకూడదని, దీపం కింద నిలబెట్టి దగ్గరికొచ్చి చూస్తారని అక్కడి సారు చెప్పాడు. పత్తి దుమ్ములోంచి, ఆ రెండు గదుల ఇంట్లోంచి బయటపడటానికి రవళికి ఉన్న ఒకే ఒక్క దారి తన మొహం.

అందుకని ఆ పిల్ల చలికాలానికి తన చర్మానికంటూ ఒక దినచర్య కట్టుకోవడం మొదలుపెట్టింది. ఆవకాయ జాడీకి ఫోను ఆనించి, అందులో ఒకావిడ చెప్పేది వింటూ చేసేది. గోరువెచ్చని నీళ్లతోనే కడగాలి, రుద్దకుండా అద్దాలి, తడి ఆరకముందే క్రీము పట్టించాలి. సబ్బు మానేసి సున్నిపిండి పట్టింది, అది పడలేదు. కలబంద పడింది. గ్లిజరిన్ పన్నీటిలో కలిపితే పడింది. పెదవులకు నెయ్యి, మడమలకు ఆముదం, వారానికోసారి మీగడలో బియ్యప్పిండి కలిపిన పూత. తన ఒంటికి ఏది సరిపోతుందో తేల్చుకోవడంలో ఆ పిల్ల నిజంగా బుద్ధిమంతురాలే, నేను కాదనను. ఒకరోజు పూతలో నిమ్మరసం పిండితే మొహం భగ్గుమంది. రాజవ్వ కంగారు పడింది. రవళి మాత్రం ఫోనులో ఆవిడ చెప్పిన మాటే అప్పజెప్పింది.

“ఏం కాదు నాయినమ్మా. మండితే పనిచేస్తున్నట్టే.”

ఇక సువర్ణ. పేరు బంగారం, రంగు నలుపు. ఈ సంగతి ఆ ఇంట్లో రోజుకొక్కసారైనా ఎవరో ఒకరు గుర్తుచేసేవారు. తెల్లారకముందే బోరు నీళ్లలో అంట్లు తోమీ బట్టలు పిండీ ఆమె వేళ్లు కణుపు కణుపు దగ్గరా పగిలాయి. జొన్నరొట్టె కొడితే పిండి మీద నెత్తురు మరక పడేది. మరక పడిన రొట్టె తాను తినేది. ఒక మధ్యాహ్నం రవళి ఇంట్లో లేదనుకుని నా మూత తీసి, ఒక వేలు కొసతో ఇంత క్రీము తీసుకుంది. నా బతుకులో నన్ను అంత భయంగా ముట్టుకున్న చెయ్యి ఇంకొకటి లేదు. వెనక రవళి నిలబడి ఉంది.

“వదినా, ఏంది గది? అండ్ల చెయ్యి పెట్టినవా?”

“జరంతనే రవళీ. ఏళ్లు పగిలి రొట్టె కొట్టస్తలేదు.”

“పాచి చేతులు తెచ్చి నా క్రీముల ముంచుతవా? నీకు రాస్తే ఏమొస్తది చెప్పు? బర్రెకు పౌడర్ కొట్టినట్టుంటది. సువర్ణ అట, సువర్ణ! ఎవరు పెట్టిన్రో ఏమో.”

మూల మంచం మీంచి రాజవ్వ కిసుక్కున నవ్వింది. ఎర్రటి నోరు తెరిచి మనసారా నవ్వింది. సువర్ణ వేలికున్న క్రీమును మళ్లీ నా అంచుకే రాసి వెళ్లిపోయింది. వదిన చెయ్యి తగిలిన క్రీము మొహానికి పనికిరాదని రవళి నన్ను గోకి గోకి తన మడమలకు పూసుకుంది. నేను ఖాళీ అయ్యాను.

ఖాళీ అయిన సీసాను పారేసే ఇల్లు తెలుగునాట ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి. పాలపొడి డబ్బాలో కారం, బిస్కెట్ల డబ్బాలో సూదీ దారం, ఐస్‌క్రీం డబ్బాలో ఇంగువ. డబ్బా మీద రాసింది నమ్మేవాడు కొత్త అల్లుడొక్కడే. రాజవ్వ సున్నపు డబ్బా తుప్పు పట్టి ఉండటంతో నేను ఆమె చేతికి వెళ్లాను. పొట్ట మీద మంచుపువ్వు, లోపల తడి సున్నం. చూడటానికి క్రీముకూ దానికీ తేడా లేదు. నా తోడబుట్టింది మాత్రం తానూ ఖాళీ అయ్యాక రవళి గూట్లోనే ఉండి, ఆమె మీగడ పూతను మోసేది.

నాలో సున్నం నింపడం సువర్ణ పని. ముందురోజు రాళ్లు నీళ్లలో వేసి, పొద్దున్నే తేరిన సున్నాన్ని వేళ్లతో తీసి నింపేది. పుండు మీద కారం అంటారు గానీ, పగుళ్లలో సున్నం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. ఒకరోజు ఓర్వలేక “అబ్బ, మండుతున్నది” అని పైకే అనేసింది. అద్దం ముందున్న రవళి వెనక్కి తిరగకుండానే పగలబడి నవ్వింది.

“మండితే పనిచేస్తున్నట్టే వదినా!”

సువర్ణ చెయ్యి కొంగుకు తుడుచుకుంది, అంతే. ఆ మాటను ఆమె ఎక్కడ దాచుకుందో నాకప్పుడు తెలియలేదు. నేనొక్కదాన్నే పాలగాజును అనుకునేదాన్ని.

ఇంటర్వ్యూకు ముందురోజు వచ్చింది. రాత్రి బస్సుకు ప్రయాణం. పొద్దున్నే చివరి పూత వేసుకుని, స్నానం చేసి, ఆ రోజంతా గ్లిజరిన్ పట్టించుకోవాలని రవళి లెక్క. బయట పొగమంచు, లోపల గుడ్డి బల్బు. మాటిమాటికీ మొహం కడగటంతో ఆ పిల్లకు జలుబు చేసి ముక్కు మూసుకుపోయింది. సువర్ణ నాలో కొత్త సున్నం నింపుకుని రాజవ్వ మంచం వైపు తీసుకెళుతోంది.

“వదినా, వేన్నీళ్లేవి? ఇయ్యాల గూడ గింత ఆలస్యమా? నీ బతుకెట్లాగు గింతే, నా బతుకు గూడ గిట్లనే గావాల్నా?”

సువర్ణ ఉలిక్కిపడి, చేతిలో ఉన్న నన్ను దగ్గరగా ఉన్న కిటికీ గూట్లో పెట్టి పెరట్లోకి పరుగెత్తింది. కావాలని పెట్టలేదు. ఇది నేను ఎక్కడైనా సాక్ష్యం చెబుతాను. నా తోడబుట్టినదాని పక్కన నేను, మంచుపువ్వు పక్కన మంచుపువ్వు. రవళి చెయ్యి చాపింది. రెండింట్లో ముందున్నదాన్ని తీసింది. చలికి వేళ్లు మొద్దుబారి ఉన్నాయి, పూతలో బియ్యప్పిండి ఉంటుంది కాబట్టి గరగర తగిలినా అనుమానం రాలేదు. చెంపలకూ గడ్డానికీ దట్టంగా పట్టించి, కళ్ల మీద తడి దూది పెట్టుకుని, పొయ్యి దగ్గర కుర్చీలో తల వెనక్కి వాల్చి కూర్చుంది.

సువర్ణ బకెట్‌తో లోపలికి వచ్చింది. గూట్లోకి చూసింది. మూత పెట్టి ఉన్న సీసా ఒకటి, మూత తీసి ఉన్న సీసా ఇంకొకటి. నాలో రవళి వేళ్ల గాడి. మళ్లీ కుర్చీ వైపు చూసింది. అంతా అర్థమైంది. ఒక్క మాట చాలు. ఆమె చేతిలోనే బకెట్‌ నిండా నీళ్లున్నాయి. నోరు తెరిచింది కూడా, నేను చూశాను.

అడుగుల చప్పుడు విని రవళి అంది: “ఒచ్చినవా? బకెట్ ఆడ పెట్టి నీ పని చూస్కో. నా మొహం కాడికి రాకు. దాని గురించి నువ్వు ఒక్క మాట గూడ మాట్లాడకు.”

సువర్ణ తెరిచిన నోరు మూసుకుంది. బకెట్ దించింది. పొయ్యి ముందు కూర్చుని జొన్నపిండి ముద్ద చేసి రొట్టె కొట్టడం మొదలుపెట్టింది. టపటపమని ఒకే తీరుగా చప్పుడు. ఒక రొట్టె పెనం మీద పడింది.

“వదినా.” ఈసారి రవళి గొంతులో కరకుదనం లేదు. “జర మండుతున్నది.”

చప్పుడు ఆగింది. సువర్ణ తన వేళ్ల వైపు చూసుకుంది.

“మండితే పనిచేస్తున్నట్టే గదా రవళీ.”

“గంతేనంటవా?”

“రేపు దీపం కింద నిలవెట్టి సూస్తరంటివి. జర ఓర్సుకో.”

రవళి ఓర్చుకుంది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, పళ్లు బిగబట్టి ఓర్చుకుంది. ఆ ఇంటికి సువర్ణ వచ్చిన తర్వాత ఆమె మాటను రవళి విన్నది ఆ ఒక్కసారే. రెండో రొట్టె పెనం మీద పొంగుతుండగా ఆ పిల్ల అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు.

సున్నం ఎంతసేపు ఉందని డాక్టరు అడిగాడు. “నాకు తెల్వది సారూ, నేను రొట్టెలు చేస్తున్న” అంది సువర్ణ. ఆ రెండో మాట అబద్ధం కాదు. సున్నపు సీసా ఆ గూట్లో ఎవరు పెట్టారని నరేందర్ ఇల్లెగిరిపోయేలా అరిచాడు. అప్పుడు రాజవ్వ మంచం మీద లేచి కూర్చుని అంది: “నేనే పెట్టిన్నేమో అయ్యా. నాకు కండ్లు అవుపడ్తలేవు. నేనే పెట్టిన్నేమో.”

సువర్ణ ముసలామె వైపు కాసేపు చూసింది. ఆ ఎర్రటి నోరు, ఆ మధ్యాహ్నపు నవ్వు ఆమెకు గుర్తొచ్చాయో లేదో నేను చెప్పలేను. “పోనీయుండ్రి. ముసల్దానికి ఏం తెలుసు” అంది. ఆ మాటకు పక్కింటివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఇంత ఓర్పున్న కోడలు ఏ ఇంటికి వస్తుందన్నారు. నరేందర్ ఆకుల పెట్టె తీసి మురుగు మోరీలోకి విసిరేశాడు. ఆ రోజు నుంచి రాజవ్వ ఆకు అడగలేదు. పాపం చేసిన నోరని తానే కట్టేసుకుంది. ఇప్పుడు ఉత్త నోరు నములుతూ కూర్చుంటుంది. నాయనమ్మ అని రవళి ఆమెను పిలిచి ఏడాదవుతోంది.

రవళి రెండు చెంపల మీదా బొల్లిలా తెల్లటి మచ్చలు, గడ్డం కింద లాగినట్టు ముడత. ఇంటర్వ్యూకు సంస్థలో తోటిపిల్ల వెళ్లింది, కొలువు వచ్చింది. ఆ పిల్ల పంపిన ఫొటో చూసి రవళి ఫోనును బోర్లా పెట్టింది. పత్తి దుమ్ముకు చర్మం రేగుతుందని డాక్టరు చెప్పడంతో వాకిలి కూడా దాటదు. అద్దం గోడకు తిప్పి పెట్టి ఉంది. నాకు జాలి లేదని మొదటే చెప్పాను. అయినా ఆ పిల్ల రాత్రిళ్లు చెంపలు తడుముకునే చప్పుడు నాకు బాగుండదు.

నన్ను పారేస్తారనుకున్నారా? సువర్ణ వేడినీళ్లలో ఉడికించి, చింతపండుతో తోమి, ఎండబెట్టింది. డాక్టరు రాసిన మందు క్రీము పెద్ద గొట్టంలో వస్తుంది. దాన్ని నాలోకి పిండి పెడుతుంది. నా మీద రాసిందీ నాలో ఉన్నదీ ఇన్నాళ్లకు మళ్లీ ఒకటయ్యాయి. రవళికి ఇప్పుడు నిజంగానే ఒక దినచర్య ఉంది. పొద్దునా సాయంత్రం కుర్చీలో తల వాలుస్తుంది, కళ్లు మూసుకుంటుంది, సువర్ణ నాలో వేళ్లు ముంచి ఆ మచ్చల మీద మెల్లగా, చుట్టూ తిప్పుతూ రాస్తుంది. వదిన చేతికి తప్ప ఇంకెవరి చేతికీ రవళి మొహం ఇవ్వదు. ఊళ్లో అందరూ ఆ వదినామరదళ్లను చూపించి తమ కోడళ్లకు బుద్ధి చెబుతున్నారు.

మళ్లీ డిసెంబరు వచ్చింది. కొబ్బరినూనె గడ్డకట్టింది. నిన్న సాయంత్రం పూత అయ్యాక రవళి వదిన చెయ్యిని వదలకుండా పట్టుకుంది. వేళ్లను ఒక్కొక్కటిగా తడిమి చూసింది.

“వదినా, ఈయేడు నీ చేతులు పగల్లేదు. ఎంత మెత్తగైనయ్!”

సువర్ణ చెయ్యి విడిపించుకుని నా మూత బిగించింది. పొయ్యి దగ్గరికి వెళ్లి కూర్చుని, జొన్నపిండి ముద్ద తీసుకుని రొట్టె కొట్టడం మొదలుపెట్టింది.