టార్చిలైటు ఎవరిది

"లైటు సరిగ్గా పట్టుకో," అన్నాడు రోడ్నీ.

చర్చి నుంచి వచ్చి బట్టలైనా మార్చుకోలేదు. వంటింటి సింకు కింద అరలోకి తల దూర్చి వెల్లకిలా పడుకున్నాడు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ట్రినా టార్చి పట్టుకుంది. పట్టుకోవడం కూడా ఒక పనే అని పట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది. పైకి అంటే పైకి, నా కళ్ళల్లోకి కాదు అంటే పక్కకి. పైపు కారడం ఆగితే బాగుచేసింది రోడ్నీ, ఆగకపోతే లైటు సరిగ్గా పట్టనిది ట్రినా. చిన్నప్పుడు నాన్న ట్రక్కు కింద దూరినప్పుడూ ఇంతే, పెళ్ళయ్యాక ఈ ఇంటి బాయిలర్ దగ్గరా ఇంతే. లైటు తన చేతిలోనే ఉంటుంది, ఎటు చూడాలో మాత్రం ఇంకొకరు చెబుతూ ఉంటారు.

"చూశావా, ఎంత నిలకడగా వెలుగుతోందో," సింకు కింది నుంచి రోడ్నీ గొంతు వచ్చింది. "లైటులో ఏ లోపమూ లేదు. నిన్న నువ్వే కంగారు పడ్డావ్."

ఆ టార్చి ఇంటి టార్చి కాదు, ట్రినా డ్యూటీ టార్చి. ఆ కొండల కౌంటీలో ఆమె షెరీఫ్ దగ్గర డెప్యూటీగా చేరి ఏడాది కాలేదు. తుపాకీ, రేడియో, బేడీలు ఆఫీసువాళ్ళే ఇస్తారు. టార్చి మాత్రం ఎవరికి వాళ్ళు కొనుక్కోవాలి. ఆమె కొనుక్కునేలోపే రోడ్నీ వారాల తరబడి వీడియోలు చూసి తెప్పించేశాడు. ఎక్కువ వెలుగు, తక్కువ వెలుగు, మరీ తక్కువ వెలుగు, ఎర్ర వెలుగు, ఎదుటివాడి కళ్ళు బైర్లు కమ్మేలా టపటపా కొట్టుకునే వెలుగు. మీద పడ్డవాడి మొహం చీరడానికి అంచుకి పళ్ళు కూడా ఉన్నాయి. పాట పాడటం ఒక్కటే తక్కువ దానికి. అతను ప్రేమగానే ఇచ్చాడు, ఆమె సంతోషంగానే తీసుకుంది. అందుకే దాని గురించి ఒక్క మాట అనాలన్నా నోరు రాదు.

శుక్రవారం సాయంత్రం బాస్కెట్‌బాల్ చూడటానికి రోడ్నీ స్నేహితులు వచ్చారు. ట్రినా అందరికీ మాంసం, చిక్కుడు గింజలు వేసి వండిన చిల్లీ గిన్నెల్లో పోస్తోంది. రోడ్నీ వంటింటి గట్టు మీది టార్చి తీసుకుని, నొక్కగానే ముందు ఆ టపటపా వెలుగే వచ్చేలా మార్చి, కుక్క మొహాన కొట్టాడు. కుక్క సోఫా కిందికి దూరింది. అందరూ నవ్వారు. గరిట చేతిలో పట్టుకుని ట్రినా కూడా నవ్వింది. తరవాత దాన్ని మళ్ళీ మామూలుగా మార్చాలని ఎవరికీ గుర్తులేదు. డ్యూటీ ఎక్కేముందు ఒకసారి నొక్కి చూసుకోవాలన్నది నియమం. శనివారం పొద్దున ఉతికిన బట్టలు మడతపెట్టి, కుక్కకి మందు మింగించి, కూతురు కెల్సీ జడకి రబ్బరు వెతికిపెట్టి, టార్చిని నడుముకి తగిలించుకుని పరుగెత్తింది. నొక్కి చూసుకోలేదు. అది ఆమె తప్పే, అందులో సందేహం లేదు.

ఆ రోజు పిలుపు వచ్చిన ఇంట్లో తలుపు పగిలి ఉంది. మొగుణ్ణి వరండాలో సార్జెంట్ గ్రేడీ పట్టుకుని మాట్లాడుతున్నాడు. పెళ్ళాం లీటా ఇంటి కింద బొగ్గు నిలవచేసే కొట్లో దాక్కుంది. ట్రినా వంగి, "భయం లేదు, నేను కూడా ఆడదాన్నే, బయటికి రామ్మా" అంటూ టార్చి నొక్కింది. ఆ టపటపా వెలుగు లీటా మొహం మీద కొట్టింది. లీటా కెవ్వున అరిచి లేవబోయింది, దూలం తలకి తగిలి నెత్తురు కారింది. ట్రినా బటన్ మళ్ళీ మళ్ళీ నొక్కుతోంది, వెలుగు రంగులు మారుస్తోంది తప్ప ఆరదు. కాపాడటానికి వచ్చి ఇంకో భయాన్నయ్యాను అనుకుంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఆసుపత్రిలో లీటాకి కుట్లు వేయిస్తుంటే గ్రేడీ ట్రినాని పక్కకి పిలిచాడు. కంట్రోల్ రూమ్‌లో ఫోన్లు ఎత్తే కుర్చీ ఒకటి ఖాళీగా ఉందనీ, పగటి ఉద్యోగమనీ, ఆలోచించుకుని మంగళవారం పొద్దున చెప్పమనీ అన్నాడు. కసురుకోలేదు, మెత్తగానే అన్నాడు. ఇంటికొచ్చి చెబితే రోడ్నీ, "మంచిదేగా, ఐదింటికల్లా ఇంట్లో ఉంటావ్," అన్నాడు, జవాబు ముందే నోట్లో పెట్టుకున్నట్టు.

మంచిదే. అందరికీ మంచిదే. అందరికీ అన్నప్పుడు ఆ లెక్కలో తను ఉండదని ట్రినాకి పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది. రోడ్డు మీది ఉద్యోగం ఆమెకి ఎందుకిష్టమో ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పగలిగేది కాదేమో. కొండల మధ్య వంకర రోడ్ల మీద కారులో ఒక్కతే వెళ్తున్నప్పుడు ఎవరూ ఆమెని పిలవరు. రేడియో పిలుస్తుంది, అదీ ఇంటిపేరుతో. సాక్సు ఎక్కడున్నాయి, ఉప్పు అయిపోయిందా అని అడగదు. ఒక తలుపు కొడితే లోపలి ఆడమనిషి ముందు ఆమె టోపీ చూస్తుంది, తరవాత మొహం చూస్తుంది, అప్పుడు గొలుసు తీస్తుంది. ఆ గొలుసు తీసే చప్పుడు వింటే ఈ భూమ్మీద తన అవసరం ఒకటి ఉందనిపిస్తుంది ట్రినాకి. కుర్చీలో కూర్చుంటే ఆ చప్పుడు వినపడదు.

పైపు కారడం ఆగింది. మధ్యాహ్నం భోజనానికి అత్తగారింటికి వెళ్ళారు. మామగారు డెల్బర్ట్ ఒకప్పుడు ఇదే కౌంటీలో డెప్యూటీ. గ్రేడీకి పని నేర్పింది ఆయనే. రోడ్నీ కూడా ఆ బ్యాడ్జి పెట్టుకోవాల్సినవాడే గాని, హైస్కూల్లో ఫుట్‌బాల్ ఆడి మోకాలు పోగొట్టుకుని రోడ్ల శాఖలో చేరాడు. కోడలు బ్యాడ్జి తెచ్చుకున్న రోజు ఆ ఇంట్లో శుభాకాంక్షలు చెప్పింది కెల్సీ ఒక్కతే.

కోడి వేపుడు, చిక్కుడు గింజల పులుసు, మొక్కజొన్న రొట్టె తినడం అయ్యాక డెల్బర్ట్ లోపలికెళ్ళి తన పాత టార్చి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మోచెయ్యి పొడుగున్న ఇనప గొట్టం, లోపల వరసగా లావుపాటి బ్యాటరీలు.

"ఇది లైటు కాదు కోడలు పిల్లా, బుద్ధి చెప్పే కర్ర," అన్నాడు. "వెలుగు సంగతి ఎవడిక్కావాలి. ఒక్కటిచ్చుకుంటే వాడికే చుక్కలు కనపడతాయి. ఏదీ, ఎత్తు చూద్దాం."

ట్రినా ఎత్తింది. మణికట్టు వంగిపోయింది.

"అందుకే అంటున్నా, కుర్చీ మంచిదని," అన్నాడు డెల్బర్ట్. రోడ్నీ పళ్ళెంలోకి చూస్తూ నవ్వాడు.

ఆడవాళ్ళిద్దరూ గిన్నెలు తోముతున్నారు. అత్తగారు ఓపల్ సాధారణంగా మాట్లాడదు. గిన్నె కడుగుతూ తనలో తను అనుకుంటున్నట్టుగా అంది. "ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ లైటు ఆయన మంచం పక్కనే ఉండేది. కరెంటు పోతే నేను కొవ్వొత్తి వెలిగించుకునేదాన్ని. పిల్లాడికి జ్వరం వచ్చి గొంతు చూడాలన్నా అది ముట్టుకునేదాన్ని కాదు."

"ముట్టుకుంటే?"

"ముట్టుకుంటే ఊరుకుంటాడేంటి? అది డ్యూటీది కదమ్మా," అంది ఓపల్. తడి పళ్ళెం ట్రినా చేతికిచ్చింది.

ట్రినా ఆ పళ్ళెం తుడుస్తూనే ఉండిపోయింది. మామగారి టార్చి డ్యూటీది, తన టార్చి ఇంటిది. తన తుపాకీని ఎవరూ ముట్టుకోరు, దానికి పెట్టె ఉంది, తాళం ఉంది, భయం ఉంది. టార్చి మాత్రం గట్టు మీద కత్తెర పక్కన, టేపు పక్కన పడి ఉంటుంది. దాన్ని అక్కడ పెట్టింది ఎవరు? తనే. డ్యూటీ దిగి ఇంట్లోకి రాగానే నడుముకున్నవన్నీ విప్పి, చేతులు కడుక్కుని, ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టింది తనే. వాళ్ళు లాక్కున్నారా అంటే లేదు. ఇచ్చిందా అంటే అదీ గుర్తులేదు. ఇంట్లో తన సామానంతా ఎప్పుడు అందరిదీ అయిందో ఆమెకి తెలియలేదు.

సోమవారం సెలవు. పక్క ఊళ్ళో పోలీసు సామాన్లు అమ్మే దుకాణానికి బయల్దేరింది. "నీకు తెలీదు, అంటగట్టేస్తారు," అంటూ రోడ్నీ కూడా కారెక్కాడు.

దుకాణంవాడు గడ్డం నిమురుకుంటూ రోడ్నీ వైపు తిరిగాడు. "చెప్పు బ్రదర్, ఏం కావాలి?"

"నాకు కావాలి," అంది ట్రినా. "డ్యూటీకి టార్చి."

"అలాగా. ఆవిడ చేతికి ఏ సైజు సరిపోద్దంటావ్?" అన్నాడు వాడు, మళ్ళీ రోడ్నీతోనే.

ట్రినా అద్దాల బల్ల మీద అరచెయ్యి పరిచింది. "చెయ్యి ఇదిగో, ఇక్కడుంది. దీన్ని అడగండి."

వాడు కొంచెం ఎర్రబడ్డాడు. ఊదారంగు టార్చి ఒకటి తీశాడు. ఆడవాళ్ళు ఇదే తీసుకెళ్తారన్నాడు. రంగు వద్దంది. ఇంకోటి, ఇంకోటి తీశాడు. ట్రినా కోటు జేబులోంచి చలి గ్లవ్స్ తీసి తొడుక్కుంది. కళ్ళు మూసుకుంది. కుడిచెయ్యి తుపాకీది, టార్చి ఎడమచేతిది. ఎడమచేతికి ఆలోచించే తీరిక ఉండదు, దానికి ఒక్క పనే అప్పజెప్పాలి. ఒక్కొక్కటీ అందుకుని బటన్ వెతుక్కుంది. పక్కన బటన్ ఉన్నవి జారిపోతున్నాయి. ఒకదానికి బటన్ వెనక చివర ఉంది, బొటనవేలు తిన్నగా అక్కడికే వెళ్ళింది. నొక్కితే వెలిగింది, వదిలితే ఆరింది. గట్టిగా నొక్కితే నిలబడింది. దుకాణం అవతలి గోడ మీది దుమ్ము కూడా కనపడింది. ఎవడి కళ్ళల్లోనైనా పడితే రెండడుగులు వెనక్కి వేస్తాడు, ఆ రెండడుగులే తనకి కావాలి. మనిషిని కొట్టే పళ్ళు దానికి లేవు, ఆమె అడగలేదు కూడా.

"దీనికి ఎన్ని రకాల వెలుగులు?"

"ఒకటే," అన్నాడు దుకాణంవాడు, క్షమాపణ అడుగుతున్నట్టు. "పాతకాలం వాళ్ళు తీసుకుంటారు ఇది."

"ఒకటేనా?" అన్నాడు రోడ్నీ. "ఇంత పోసి ఒకటా? రాత్రిపూట కెల్సీ గదిలోకి తొంగి చూడాలన్నా ఇది మరీ ఎక్కువ."

"కెల్సీ గదికి స్విచ్చి ఉంది."

"మరి ఇంట్లో వాడకానికో?"

"ఇంటికి నువ్వు కొన్నది ఉందిగా. మంచి లైటని నువ్వేగా అన్నావ్," అంది ట్రినా.

ఇది ఇంటిది కాదు గాని, యూనిఫాం విప్పాక కూడా తనతోనే ఉండాలి. షాపింగ్ అయ్యాక చీకటి పడిన పార్కింగ్‌లో కారు దాకా నడిచేటప్పుడు వేళ్ళ సందుల్లో తాళంచెవులు బిగించి పట్టుకోవడం ఆమెకి హైస్కూల్ నుంచీ అలవాటు. డెప్యూటీ అయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఆడదానికి డ్యూటీ దిగడమంటూ ఉండదు. టార్చిని జీన్స్ జేబులో పెట్టి చూసుకుంటే సగం బయటికొచ్చింది. ఆడవాళ్ళ జేబులు కుట్టినవాడు వాళ్ళకి దాచుకునేది ఏమీ ఉండదనుకున్నాడో ఏమో. కోటు లోపలి జేబుకి దాని క్లిప్పు తగిలించింది. నడిచి చూసింది, ఊగలేదు. డబ్బు తన కార్డు మీదే కట్టింది. తిరిగొచ్చేటప్పుడు రోడ్నీ దారంతా రేడియో పెట్టుకున్నాడు.

మంగళవారం పొద్దున డ్యూటీ ఎక్కేముందు కారు పక్కన నిలబడి టార్చి నొక్కి చూసుకుంది. తరవాత గ్రేడీ గదిలోకి వెళ్ళింది. అతను కాఫీ కప్పు పక్కన పెట్టి నవ్వాడు.

"రా ట్రినా. నీకోసం కుర్చీకి మెత్తటి దిండు కూడా చెప్పాను."

ట్రినా కూర్చోలేదు. దారిపొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలే అంది. "సార్జెంట్, శనివారం తప్పు నాది. నా డ్యూటీ సామాను ఇంట్లో ఇంకొకరి చేతిలో పడనిచ్చాను, పొద్దున నొక్కి చూసుకోలేదు. నిన్న లీటాని చూసి వచ్చాను, ఆవిడకి కూడా ఇదే చెప్పాను. ఇక అలా జరగదు. దానికి శిక్ష ఏదైనా ఉంటే వెయ్యండి. కానీ నన్ను రోడ్డు మీదే ఉంచండి."

గ్రేడీ చెయ్యి ఊపాడు. "శనివారానికేముందిలే. నా కొత్తలో నేను మీ మామ కాలి బొటనవేలి మీదికి కారెక్కించాను, నన్ను తీసుకెళ్ళి ఎవడన్నా కుర్చీలో కూర్చోబెట్టాడా? ఈ సీటు సంగతి దాని గురించి కాదు. రోడ్నీ గురువారమే వచ్చి అడిగాడుగా. పిల్ల చిన్నది, నీకు కష్టమవుతోంది, నువ్వు నోరు తెరిచి అడగవు అన్నాడు. డెల్బర్ట్ కూడా ఫోన్ చేశాడు. ఎలా చెప్పాలా అని చూస్తున్నాను. శనివారం అలా జరిగేసరికి నాకు తేలికైంది. నీతో అనలేదా వాళ్ళు?"

గురువారం. శుక్రవారం కంటే ముందు రోజు. టార్చి వెలుగు సరదాకి మార్చాడా, మార్చి కావాలనే వదిలేశాడా? కుక్క మొహం మీద వెలుగు, రోడ్నీ నవ్వు, తన నవ్వు గుర్తొచ్చాయి. ఇన్నేళ్ళు పక్కన పడుకున్న మనిషి గురించి అంత మాట అనుకోవడానికి ఆమెకి మనసు రాలేదు. కాదని ప్రమాణం చేయడానికీ రాలేదు. కొంచెంసేపటికి, అది తేల్చినా తేల్చకపోయినా ఒకటేననిపించింది. కష్టమవుతోందని తన తరఫున తనకి తెలియకుండా చెప్పడానికి అతను కౌంటీ ఆఫీసు దాకా నడిచాడు. అదే కష్టంలో ఇంట్లో ఒక్క గిన్నె కడగడానికి మాత్రం సింకు దాకా నడవలేదు.

"అనలేదు," అంది.

గ్రేడీ ఇబ్బందిగా కదిలాడు. "మరి ఇప్పుడేం చెయ్యమంటావ్? ఆ కుర్చీ నీ పేరు మీద పెట్టేశాను. రోడ్నీకి ఏమని చెప్పను?"

ట్రినా టోపీ పెట్టుకుంది.

"రోడ్నీ అడిగిన కుర్చీ కదా సార్జెంట్," అంది. "రోడ్నీకే ఇవ్వండి. ఐదింటికల్లా ఇంట్లో ఉంటాడు."