నీలికన్ను కాపురం

మట్టి తవ్వే ప్రొక్లెయిన్ తొండం పైకి లేచింది. కళ్ళద్దాలావిడ తాపీగా నడిచి వెళ్ళి దాని ముందు నిలబడింది.

"ఇంజను ఆపు నాయనా! మీ సారు నాకు మాటిచ్చాడు."

డ్రైవరు సారు వైపు చూశాడు. పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకున్న ఆ ఇంజినీరు ఆవిడకు సొంత మరిది. ఊళ్ళో వాననీరు పోవడానికి ఈ చిత్తడి నేల నడిమధ్య నుంచి కాలువ తవ్వించే పని అతనిది. మొదలు ఇవాళే. కాలువ పడితే తుంగ ఎండిపోతుంది. తుంగ ఎండితే నీలికన్ను అనే సీతాకోకచిలుక ఇక ఉండదు. ఎండుటాకు రంగు రెక్కలు, రెక్కకొక నీలిచుక్క, అంతే దాని అందం. కానీ చుట్టుపక్కల మరెక్కడా అది బతకడం లేదు.

"మాటిచ్చాను, కాదనను," అన్నాడు మరిది. "కానీ వదినా, దారినపోయే పురుగును చూపిస్తే ఆఫీసులో ఒప్పుకోరు. ఇక్కడే పుట్టి ఇక్కడే కాపురం ఉంటోందని చూపించు. కాలువను రోడ్డు పక్కకి తిప్పేస్తాను. ఆ ప్లాను కూడా జీపులో ఉంది."

"తీసి దగ్గర పెట్టుకో. మళ్ళీ వెతుక్కోవడమెందుకు?"

బజారులో కళ్ళద్దాల దుకాణం ఆవిడది. సెలవురోజు వస్తే చాలు, కళ్ళలో వత్తులు వేసుకుని ఈ తుంగలో వెతుకుతూ ఉంటుంది. మొన్ననే గట్టు వెంట కాడలకు వేలాడుతున్న ప్యూపాలను చూసిపెట్టుకుంది. గొంగళిపురుగు సీతాకోకగా మారేముందు దాక్కునే చిన్న సంచులవి. మరిదికి వాటిని చూపిస్తే పని అయిపోయినట్టే.

మరిదిని వెంటబెట్టుకుని గట్టు మలుపు తిరిగింది. ఠక్కున ఆగిపోయింది.

తుంగ లేదు. గట్టంతా నున్నగా గొరిగినట్టుంది. ఆ చివర ఆవిడ భర్త కొడవలి పట్టుకుని ముఖమంతా నవ్వుతూ నిలబడ్డాడు. ఆయనది బేకరీ. బల్ల మీద చిటికెడు పిండి కనిపిస్తే నిద్రపట్టని మనిషి.

"ఎలా ఉంది? తమ్ముడి బూట్లకు బురద అంటకుండా పొద్దున్నే వచ్చి దారంతా శుభ్రం చేశాను!"

"ఏవండీ, మీరు శుభ్రం చేసింది దారిని కాదు. నా సాక్షుల్ని."

మరిది పగలబడి నవ్వాడు. "అన్నయ్యా, ముందే చెబితే ఈ ప్రొక్లెయిన్ తెచ్చేవాణ్ణే కాదు!"

భర్త మొహం మాడిపోయింది. ఆవిడకు మాత్రం ఏడవడానికి తీరిక లేదు.

"కోసిందంతా ఎక్కడ పారేశారు?"

"పారేయడమేంటి? మోపులు కట్టి పేర్చాను."

"మీ శుభ్రం పిచ్చి చల్లగుండ!"

మోపుల ముందు మోకాళ్ళ మీద కూలబడి, దుకాణంలో వాడే భూతద్దం కంటికి బిగించింది. ఒక్కొక్క కాడనే తీసి చూసింది. నలిగిన సంచి. చితికిన సంచి. ఖాళీ కాడ. మళ్ళీ నలిగినదే. అట్టడుగు మోపులో చేయి ఆగింది. ఆకుపచ్చగా ఉండాల్సిన సంచి నల్లబడింది.

"చచ్చిపోయిందా?" అన్నాడు భర్త, భయంభయంగా.

"కాదు, బయల్దేరుతోంది. పైపొర పలచబడి లోపలి రెక్క కనిపిస్తోంది. చూడవయ్యా ఇంజినీరూ, నీలిచుక్క!"

మరిది వంగి చూశాడు. "నాకంతా మసగ్గా ఉంది వదినా."

"నీకు కళ్ళజోడు కావాలని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను. సరే, బయటికొచ్చాకే చూద్దువుగాని."

ఆవిడ కాడను నిలువుగా ఎత్తి పట్టుకుంది. పుట్టగానే తడిరెక్కలు కిందికి వేలాడాలి. లేకపోతే ముడతల్లోనే గట్టిపడిపోతాయి. ఇక చేయి కదలకూడదు. ఒక దోమ వచ్చి మణికట్టు మీద దర్జాగా కూర్చుంది.

"కొట్టనా?" అన్నాడు భర్త.

"చేయెత్తారంటే ఊరుకోను. ఊదండి, మెల్లగా."

సంచి చిట్లింది. కాళ్ళు, తల, ఆ వెనక నలిగిన గుడ్డపేలికల్లాంటి రెక్కలు బయటపడ్డాయి. మరిది నవ్వు ఆగిపోయింది. రెక్కలు సాగాయి, ఆరాయి. మరిది కళ్ళకు కూడా ఆనేలా నీలిచుక్కలు తేలాయి. ఆవిడ చేయి తిమ్మిరెక్కి రాయిలా అయింది. ఉన్నట్టుండి వేళ్ళ మీద బరువు తగ్గినట్టనిపించింది. నీలికన్ను గాల్లోకి లేచి, ఓ చుట్టు తిరిగి, పసుపుపచ్చ హెల్మెట్ మీద వాలింది.

"ఎక్కడికి పోయింది?"

"నీ నెత్తినే కూర్చుంది. కదలకు!"

మరిది కదలకుండానే గొంతెత్తాడు. "డ్రైవర్! బండిని రోడ్డు పక్కకి తిప్పు. తవ్వకం అటువైపే!"

ప్రొక్లెయిన్ మెల్లగా వెనక్కి తిరిగింది. భర్త మొహంలోకి మళ్ళీ వెలుగొచ్చింది. కొడవలి అందుకున్నాడు.

"అయితే ఆ రోడ్డు పక్క కూడా కాస్త శుభ్రం చేసి..."

"ముందు ఆ కొడవలి ఇలా ఇవ్వండి," అంది ఆవిడ, తిమ్మిరెక్కిన చేయి చాపి.